సొంత ఇంజిన్ మీద

బోల్టు తల తెగి యెహోషువ అరచేతిలో పడింది. మొండెం ఇంజిన్‌లోనే ఉండిపోయింది.

"అయిపోనాది," అన్నాడు.

అతని భార్య జ్ఞానమ్మ టీ గ్లాసు కింద పెట్టి, తెరిచిన బానెట్‌లోకి తొంగి చూసింది. వాటర్ పంపును పట్టి ఉంచే బోల్టు అది. అది లేకపోతే నీళ్లు నిలవవు. నీళ్లు నిలవకపోతే ఆ పాత అంబాసిడర్ చోడవరం పొలిమేర దాటదు. షూటింగుకి బండి కావాలన్న సినిమావాళ్లు సాయంత్రం వస్తారు. అప్పటికి బండి కదలకపోతే వడ్డాదిలో చూసి పెట్టుకున్న ఇంకో అంబాసిడర్ తీసుకుపోతారు. ఇక దీనికి తుక్కు దుకాణమే గతి. బండి పెట్టుకున్న షెడ్డు ఖాళీ చెయ్యమని స్థలం వాళ్లు ఎప్పుడో చెప్పేశారు.

టాక్సీగా తిరిగి ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన బండి. కూతురు గ్లోరియా పుట్టింది దాని వెనక సీట్లోనే. మాడుగుల పుట్టింటి నుంచి ఆసుపత్రికి తెస్తుంటే వడ్డాది దాటకుండానే పిల్ల భూమ్మీద పడింది. అప్పుడు మొగుడు రోడ్డు వైపు తిరిగి నిలబడి, తనకంటే గట్టిగా ఏడ్చాడని జ్ఞానమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. అలాంటి దాన్ని గ్యాస్ కట్టర్‌తో ముక్కలు కోస్తారంటే ఆమెకి నాలుగు రోజులుగా ముద్ద దిగలేదు. సినిమా అన్న మాట విన్నాకే కాస్త ప్రాణం లేచి వచ్చింది.

కిరోసిన్ పోసి నానబెట్టారు. పట్టుకారుకి అందేంత కొస కూడా లేదు. కన్నం పెట్టబోతే డ్రిల్లు బిట్టు పుటుక్కున విరిగి ఎగిరిపోయింది.

పక్క వెల్డింగ్ షాపు బంగార్రాజు వచ్చి చూశాడు.

"మావా, ఇది బోల్టు కాదు. నీ తోబుట్టువు. ఎంత సెప్పినా కదల్దు."

"నోరు ముయ్యి గానీ, దాని నెత్తి మీద నట్టెట్టి అతికించు."

అతికించాడు. రెంచి వేసి తిప్పగానే నట్టు ఊడి వచ్చింది. మళ్లీ అతికించాడు. మళ్లీ ఊడింది.

"ఒగ్గేయి మావా. ఎన్ని బళ్లు తుక్కుకి పోలేదు?"

"ఇది మాత్రం తాడు కట్టించుకుని ఎవుడి ఎనకాలా ఎల్లదు. ఎల్తే సొంత ఇంజిన్ మీదే ఎల్లాలి."

ఆ గొంతు విని బంగార్రాజు ఇంక ఎగతాళి చెయ్యలేదు.

జ్ఞానమ్మకి చేతులు ముడుచుకుని కూర్చోవడం చేతకాలేదు.

"గ్లోరియా నాన్నా, ఈలోగా ఆ బ్రేకులైనా సూడించకూడదా? సరిగా పట్టడం లేదన్నావు."

"బ్రేకులు అక్కర్లేదన్నారు."

"బ్రేకుల్లేకుండా ఏటి సినిమా?"

"ఆళ్ల సినిమా, ఆళ్లిష్టం."

వెనక అద్దం మీద 'ఇమ్మానుయేలు' అన్న అక్షరాలు కనబడలేదు. ఎవరో గోటితో గీకినట్టు మరకలు మాత్రం ఉన్నాయి.

"ఇదేటి, దేవుడి పేరు తీసేసేవు?"

"పేర్లుండకూడదంట," అన్నాడు, ఇంజిన్‌లోంచి తల ఎత్తకుండా.

వెనక సీటు కవరు కూడా విప్పేసి ఉంది. మడతపెట్టి గూట్లో పెట్టాడు. ఉతకడానికి కాబోలు అనుకుంది.

ఎండ షెడ్డు గుమ్మం దాకా వాలిపోయింది. ఇంక రాదని బంగార్రాజు ముఖమే చెబుతోంది. జ్ఞానమ్మ కళ్లు మూసుకుంది. ప్రార్థన మొదలుపెట్టింది.

"జ్ఞానం, కొవ్వొత్తి ముక్కుంటే తే."

కరెంటు పోయిన రోజు వెలిగించగా మిగిలిన ముక్క తెచ్చింది. బంగార్రాజు మూడోసారి నట్టు అతికించాడు. ఎర్రగా కాలుతున్న బోల్టు చుట్టూ యెహోషువ మైనం తాకించాడు. పొగ లేచింది. మైనం కరిగి సందుల్లోకి దిగిపోయింది. రెంచి వేసి ఒక వెంట్రుకంత తిప్పాడు. వెనక్కి తెచ్చాడు. మళ్లీ తిప్పాడు.

కిర్రుమంది.

కదులుతున్న పన్నులా మెల్లగా ఊడి వచ్చింది, తుప్పు పట్టిన ఆ ముక్క. కాస్త చల్లారనిచ్చి, దాన్ని భార్య చేతిలో పెట్టాడు.

"దాసుకో."

"దీన్నా? ఏటి సేసుకోను?"

అతను కొత్త బోల్టు బిగించాడు. పంపు కూర్చుంది. తాళం తిప్పితే బండి ఒళ్లంతా ఒణికి, దగ్గి, అందుకుంది. బంగార్రాజు ఈల వేశాడు. యెహోషువ వెళ్లి బానెట్ మూసి, దాని మీద నుదురు ఆనించాడు. స్తోత్రం చెల్లిస్తున్నాడనుకుని జ్ఞానమ్మ కూడా తల మీద కొంగు వేసుకుంది.

అంతలో జీపు వచ్చి ఆగింది. సినిమావాళ్ల మేనేజర్ దిగకుండానే ఇంజిన్ చప్పుడు విని బొటనవేలు ఎత్తి చూపించాడు.

"భలే, అయితే రేపు మాడుగుల పైన కొండ రోడ్డులో లోయ అంచు దాకా మీరే నడిపి దిగిపోండి పెద్దాయనా, నిప్పంటించి కిందికి తొయ్యడం మావాళ్లు చూసుకుంటారు."