ఆనాడు తాగని నీళ్లు

పెళ్లిచూపులకు వచ్చిన పిల్లవాడి తల్లిని చూడగానే బీరన్న గడపలోనే ఆగిపోయాడు. ఆమె సోమమ్మ. మర్రిగూడ సోమమ్మ. మధ్యవర్తి పిల్లవాడి తండ్రి పేరే చెప్పాడు గానీ తల్లి ఎవరో చెప్పలేదు.

ఇరవై నాలుగేళ్ల కింద, నిజాం జమానాలో, బీరన్న మర్రిగూడకు పోయి చూసిన పిల్ల ఆమే. ఆ రోజు నీళ్ల చెంబు పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. ఆ ఊరి బావి నీళ్లకు కాళ్లు వంకరపోతాయని అందరూ అనుకునేవాళ్లే కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. పిల్ల తెచ్చిన నీళ్లు తాగితే సంబంధం ఖాయమైనట్టు. బీరన్న చెంబు ముట్టకుండా లేచి వచ్చేశాడు.

ఇవాళ ఆమె చకచకా నడిచొచ్చి మంచం మీద కూర్చుంది. ఇక ఈమె తన ఇంట్లో నీళ్లు ముడుతుందా? ఇది పోతే ఇంత మంచి సంబంధం మళ్లీ దొరకదు. రెండు వందల గొర్రెలు, ఒక్కడే కొడుకు. పొద్దున భార్య గుర్వమ్మ పిల్లను కూడా ఒక మాట అడుగుదామంటే, దానికేం తెలుసని కసిరాడు. అప్పటి నుంచి కూతురు అండాలు వంటింట్లోంచి బయటికి రాలేదు, ఇంత జొన్న గటక కూడా తినలేదు.

బీరన్న గాభరాలో కూతుర్ని తెగ పొగిడాడు. నిన్న తోడేలు గొర్రెపిల్లను పట్టబోతే అండాలు దాని వెంటపడి గుట్ట మీది దాకా తరిమిందన్నాడు. సోమమ్మ నవ్వలేదు. మందను చూసి రమ్మని భర్తనూ కొడుకునూ బయటికి పంపింది.

"గుర్తువట్టినవా అన్నా?"

బీరన్న తల వంచుకున్నాడు. "తప్పయింది చెల్లె. గప్పటి కోపం నా బిడ్డ మీద తియ్యకు."

"కోపమెందుకు? నువ్వు లేచి పోయినవు గనుకనే నా బతుకు బాగుపడ్డది. యాదికొచ్చినప్పుడల్లా నీకు దండం పెట్టుకుంట."

బీరన్నకు అర్థం కాలేదు.

"నా కాలికి గప్పుడు గూడ ఏం కాలె. నా మనసు మా మేనబావ మీదుండె. అగో, గా మంద కాడ నిలబడ్డాయన. వాళ్లింటితోని బాపుకు పగ, చెప్తే నరికి పోగులు పెట్టేటోడు. అందుకే గట్ల కుంటిన."

వంటింట్లో గాజుల చప్పుడు ఆగింది.

బీరన్న కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. కాలు బాగాలేని పిల్లను కాదన్నానన్న పాపం ఇన్నేళ్లుగా మోస్తున్నాడు. ఆమె కుంటకపోతే గుర్వమ్మ ఈ ఇంటికి వచ్చేదే కాదు. కరువు వచ్చిన ఏడు ఒంటి మీది వెండి కడియాలు అమ్మి మందను బతికించిన గుర్వమ్మ. అప్పుడు తాగని ఆ నీళ్లకు అతనూ మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"మనిద్దరికీ మంచే అయింది చెల్లె."

"అందుకే గీ ఇంటి పిల్లనే కావాలని వచ్చిన. నీళ్లు తెప్పియ్యి, తాగుత."

మంద దగ్గర నుంచి మగవాళ్లు తిరిగి వచ్చి కూర్చున్నారు. బీరన్న గుండె కుదుటపడింది. నీళ్లు తెమ్మని కూతుర్ని పిలిచాడు.

చెంబు పట్టుకుని అండాలు కుంటుకుంటూ వచ్చింది.