జిలేబి బుట్ట

జిలేబికి మళ్లీ మొదలైంది.

ఇది నాలుగోసారి. మందు వేసినన్ని రోజులూ బాగానే ఉంటుంది. సోఫా మీది నుంచి ఫ్రిజ్ మీదికి దూకుతుంది, పరదాలు పీకుతుంది. సరిగ్గా పదిహేను రోజులు తిరిగేసరికి మళ్లీ నీళ్ల విరేచనాలు, ముక్కు మూసుకున్నా ఆగని కంపు. నాలుగు నెలల పిల్లిపిల్ల, ఇంకా అరచేతిలో ఇమిడేంతే ఉంది.

త్రివేణి చేయని సేవ లేదు. గిన్నెలు మరగబెట్టింది. ఇసుక ట్రేను రోజూ వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టింది. తాగే నీళ్లు కూడా కాచి చల్లార్చి పోసింది. చిక్కడపల్లిలోని ఆ రెండు గదుల ఫ్లాట్‌లో ఆమెకున్న తోడు అదొక్కటే.

భర్త ప్రేమ్‌సాగర్‌ది విత్తనాల కంపెనీలో ఉద్యోగం. వారంలో మూడు రోజులు ఇంట్లో, నాలుగు రోజులు జిల్లాల్లో క్యాంపు. పిల్లల మాటెత్తితే "వచ్చే సంవత్సరం చూద్దాం తియ్" అంటాడు. అలా నాలుగు వచ్చే సంవత్సరాలు గడిచిపోయాయి. ఏడవకుండా ఉండటానికన్నట్టు ఒకరోజు ఈ పిల్లిని తెచ్చి ఒళ్లో పెట్టాడు. దాన్ని బుట్టలో పెట్టుకుని నారాయణగూడలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేదీ ఆయనే.

"నీకెందుకు పరేషాన్? నేను పోతున్న గదా" అనేవాడు.

పిల్లికి కూడా ఇంత చేసే మగవాడు అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరున్నారని త్రివేణికి లోలోపల గొప్పగా ఉండేది.

ఈసారి మాత్రం ఆయన క్యాంపులో ఉన్నాడు. జిలేబి తల ఎత్తడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బుట్ట కోసం ఇల్లంతా వెతికింది, కనిపించలేదు. ఇక లాభం లేదని అట్టపెట్టెలో పాత చీర పరిచి, పిల్లిని పడుకోబెట్టి ఆటో ఎక్కింది.

డాక్టర్ క్రాంతికుమార్ విరేచనం చుక్క ఒకటి గాజు పలక మీద వేసి మైక్రోస్కోప్‌లో చూశాడు.

"మళ్ల జియార్డియానే మేడమ్. పేగుల్ల ఉండే సూక్ష్మజీవి. మందు మంచిగనే పనిచేస్తున్నది. కానీ తగ్గినంక బయటినుంచి మళ్ల అంటుకుంటున్నది."

"ఎట్ల అంటుకుంటది సార్? ఇది గడప దాటది. ఇంకో పిల్లి మొకం సుత చూడలే."

డాక్టర్ విసుగ్గా చూశాడు.

"సార్‌కు ఎన్నిసార్లు చెప్పిన! రెండిటికీ ఒక్కసారే మందు వెయ్యాలె, ఒక్క బుట్టల రెండిటినీ తేవొద్దు అని. బుట్టల పరిచిన బట్టకు కొంచెం మరక ఉన్నా చాలు. ఒకటి అంటించుకున్నది ఇంకోటి నాకుతది. దీనికి తగ్గేసరికి దానికి, దానికి తగ్గేసరికి దీనికి."

"దానికి అంటే?"

"బర్ఫీ. దీని తోడబుట్టిందే గదా! పొద్దున్నే సార్ తెచ్చి చూపించుకపోయిండు."

పొద్దున్నే. పొద్దున ఏడింటికి ఫోన్ చేసి ప్రేమ్‌సాగర్ కరీంనగర్‌లో టిఫిన్ చేస్తున్నానని చెప్పాడు.

డాక్టర్ టేబుల్ మీద కార్డు పెట్టాడు. ఒకే ఫోన్ నంబరు కింద రెండు పేర్లు. జిలేబి, చిక్కడపల్లి. బర్ఫీ, గాంధీనగర్. పక్కన ఇంటి నంబరు కూడా ఉంది.

త్రివేణి ఆ ఇంటి నంబరు రెండుసార్లు చదివింది. ఆ ఇంట్లో ఎవరావిడ? ఎన్నాళ్ల నుంచి? క్యాంపు అని బట్టలు ఇస్త్రీ చేసి, దారిలో తినమని పులిహోర కట్టి పంపింది ఆవిడ దగ్గరికా? ఇంత మోసమా? నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్లికి డాక్టర్ ఇచ్చిన మందు పట్టించి, పెట్టె చంకన పెట్టుకుని నేరుగా గాంధీనగర్ వెళ్లింది.

తలుపు తీసినావిడకు నలభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా సబ్బు నురగ. ఆవిడ వెనకాల నేల మీద బుట్ట ఉంది. అందులో త్రివేణి స్వయంగా అంచు కుట్టిన పచ్చ టవల్ ఉంది.

అంతే, ఆగలేకపోయింది.

"సిగ్గు లేదా నీకు? ఇంకొకరి మొగన్ని ఇంట్ల పెట్టుకుంటవా? ఆయనకు పెండ్లాం ఉన్నదని తెల్వదా? ఒక ఆడదాని సంసారంల నిప్పులు పోసి నువ్వేం బాగుపడతవ్?"

పక్క వాటా తలుపు తెరుచుకుంది. ఆవిడ మాత్రం గొంతు పెంచలేదు.

"ఎవరమ్మా నువ్వు? ఎవరి గురించి అంటున్నవ్?"

"ప్రేమ్‌సాగర్ భార్యను!"

ఆవిడ తలుపు పట్టుకుని నిలబడింది. త్రివేణి మెడ వైపు, నల్లపూసల వైపు చూసింది. తర్వాత ఆమె చూపు అట్టపెట్టెలోకి జారింది.

"దీనికి సుత విరేచనాలేనా?"

అది తిట్టు కాదు, ఎగతాళీ కాదు. త్రివేణి అవునని తల ఊపింది.

ఆవిడ చేతుల తడి కొంగుకు తుడుచుకుని లోపలికి తిరిగింది.

"తన్మయీ, జర ఇటు రా బిడ్డా."

పదో తరగతి లెక్కల పుస్తకం చేత్తో పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ప్రేమ్‌సాగర్ ముక్కే, అవే కళ్లు, నవ్వకముందే ఎడమవైపు పడే అదే సొట్ట.

నాలుగేళ్ల కిందట ప్రేమ్‌సాగర్ త్రివేణి మెడలో తాళి కట్టిన రోజున ఆ పిల్ల ఆరో తరగతి చదువుతోంది.