ఇరవై రోజుల కరెంటు

"లేవండి. ఒక్కళ్లు కూడా వీళ్లకి నోరు తెరిచి చూపించొద్దు."

ఆగిరిపల్లి హైస్కూలు వరండాలో వరసగా కూర్చున్న నలభై మంది కూలీలు తలలు తిప్పారు. మామిడి షెడ్డులో పనిచేసే గంగరాజు, భార్య నాగేంద్రమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొస్తున్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడ్డొచ్చిన నర్సు రాధను తోసుకుని గదిలోకి దూసుకొచ్చాడు.

డాక్టరు నారాయణరావు అప్పుడే అచ్చమ్మ నోట్లోకి టార్చి వేసి చూస్తున్నాడు. ఆమె బుగ్గ లోపల రూపాయి బిళ్లంత తెల్లమచ్చ ఉంది. చుట్ట, పొగాకు అలవాటున్న వాళ్లలో క్యాన్సరును ముందే పట్టుకుంటే ప్రాణాలు దక్కుతాయని ఆయన పట్టుబట్టి పెట్టించిన క్యాంపు అది. కాయకోతల రోజుల్లో ఇంతమంది పని మానుకుని రావడమే గొప్ప. గోడ మీది నల్లబల్లపై క్యాంపు తేదీ రాసి ఉంది: 14-5-86.

గంగరాజు భార్య మెడ మీది పైట తొలగించి, ఎడమ దవడ కింద గడ్డ చూపించాడు.

"నెల కిందట నిమ్మకాయంత ఉందండి ఇది. ఇరవై రోజులు కరెంటు పెట్టించాక, ఇదిగో, ఇంతయింది. కరిగిపోద్దని చెప్పింది మీరే కదా?"

నారాయణరావుకి ఆమె గుర్తుంది. తనే పరీక్ష చేసి, జనం కరెంటు అనే కిరణాల వైద్యం రాసి, మర్నాడే ట్రైనింగుకి బొంబాయి వెళ్లాడు. తిరిగొచ్చింది నిన్ననే. చిన్నగా ఉండగానే దొరికిన గడ్డ, తప్పకుండా కరుగుతుందనుకున్నాడు.

మధ్యలో ఎన్ని రోజులు మానేశారని అడిగాడు. ఆ మాటతో గంగరాజు ఇంకా రెచ్చిపోయాడు. రోజూ తెల్లారి మొదటి బస్సుకి బెజవాడ వెళ్లామని, ఒక్క పూట కూడా తప్పలేదని, మధ్యాహ్నం బస్సు దిగి తన భార్య తిన్నగా షెడ్డుకెళ్లి కాయలేరిందని అరిచాడు. ఆసుపత్రి కార్డు తీసి బల్ల మీద కొట్టాడు. ఇరవై తేదీలు, ఇరవై సంతకాలు.

"మరి ఎందుకు కరగలేదండి?" అని అచ్చమ్మ మెల్లగా అడిగింది.

డాక్టరు కార్డు మీది తేదీలు మళ్లీ లెక్కపెట్టాడు. అచ్చమ్మ పైటకొంగుతో నోరు తుడుచుకుని లేచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు లేచారు. షెడ్డు దగ్గర లారీ ఆగి ఉందని, ఇక్కడ కూర్చుని చచ్చేకంటే లోడు ఎక్కించుకోవడం నయమని గంగరాజు అందరికీ వినపడేలా చెప్పాడు. వరండాలో సగం వరస కదిలింది.

నారాయణరావుకి ఒళ్లు మండింది. "నోర్ముయ్ గంగరాజూ. అచ్చమ్మా, కూర్చో. నీ బుగ్గలో మచ్చ రేపు పుండవుతుంది."

"పుండై చచ్చినా మా ఇంట్లో చస్తానండి. మీ మిషను కిందెందుకు?" అంటూ ఆమె గుమ్మం దాటింది.

ఆయన పళ్లు బిగించి నాగేంద్రమ్మను కిటికీ దగ్గరికి పిలిచాడు. వెలుతురులో మెడ చూశాడు. ఇరవై రోజులు కిరణాలు పడ్డ చర్మం నల్లగా కమిలి, పొట్టు లేవాలి. ఇక్కడ మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. గడ్డ చుట్టూ తన చేత్తో గీసిన ఊదా గీతలూ లేవు. కిరణాలు ఎక్కడ పడాలో మిషను నడిపేవాడికి చెప్పేవి ఆ గీతలే.

అంటే వైద్యమే జరగలేదు. కొత్తగా చేరిన ఆపరేటరు సత్యనారాయణ ఉత్తుత్తి సంతకాలు పెట్టాడన్నమాట.

డాక్టరు లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది. పోస్టాఫీసుకెళ్లి ఆసుపత్రికి ట్రంకాల్ బుక్ చెయ్యమని రాధకు చెప్పాడు. ఆ సత్యనారాయణను ఈ క్షణమే మిషను దగ్గర్నుంచి దింపెయ్యాలి. సాయంత్రానికి వాడు పోలీసు స్టేషన్లో ఉండాలి.

"ఇప్పటికి ఒప్పుకున్నారు, మీవాళ్లు దొంగలని," అన్నాడు గంగరాజు.

రాధ గుమ్మం దాకా వెళ్లింది. అప్పుడు నాగేంద్రమ్మ మొదటిసారి నోరు విప్పింది. ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"ఆ మిషను ఆయన్ని ఏమీ అనకండి డాక్టరుగారూ. పాపం, రోజూ గీతల మీదకే లైటు సరిచూసుకుని పెట్టాడండి."

"ఏ గీతలమ్మా?"

ఆమె సిగ్గుపడుతూ భుజం దగ్గర రవిక అంచు కాస్త జరిపింది. మెడ ఎముక కింద అరచెయ్యంత మేర చర్మం బొగ్గులా నల్లబడి, పొట్టు రేగి ఉంది. దాని చుట్టూ నాలుగు ఊదా గీతలు, పొద్దున్నే గీసినంత తాజాగా, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి.

ఇవి ఎవరు గీశారని నారాయణరావు అడిగాడు.

గంగరాజు కోపం ఇంకా చల్లారలేదు. తన చేతిపనినే శంకిస్తున్నారనుకున్నాడు. షెడ్డులో మామిడి బుట్టల మీద మార్కా రాసేది తనేనని, ఈ చేత్తో వేసిన గీత ఏనాడూ వంకర పోలేదని చెప్పాడు. ఆసుపత్రిలో గీతలు గీసిన సాయంత్రమే షెడ్డులో ఆడవాళ్లు మెడ మీద అవి చూసి, రోగం అంటుకుంటుందని భార్యను కాయ ముట్టుకోనివ్వలేదట. అందుకని ఆ పూటే కిరసనాయిలుతో తుడిచేసి, ఎవరికీ కనపడకుండా జానెడు కిందికి దించి, మార్కా రాసే ఊదా సిరాతో అచ్చం అలాగే గీశాడట. చెమటకి చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దాడట.

"అయినా, బుట్టకి మార్కా ఎటుపక్కనుంటే ఏంటండీ? లోపల సరుకు అదే కదా."