వేలిముద్ర

తలుపు దబదబా బాదిన చప్పుడుకి నారాయణమ్మ చేపల తట్టను మంచం కిందికి తోసేసింది.

"తియ్యకే అనూరాధా! పన్నోళ్ళే అయ్యుంటారు" అంటూ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మున్సిపాలిటీలో ఇంటి పన్ను ఎత్తేసి, దానికి బదులు అమ్మే ప్రతి సరుకు మీదా పన్ను వేసి నెల కాలేదు. పన్ను కలిపి ధర చెబితే చేపలు కొనేవాళ్ళు మొహం తిప్పుకుంటున్నారు. కలపకపోతే ఆమెకేమీ మిగలడం లేదు. అందుకే ఈ రోజు పన్ను చీటీ రాయించకుండా బజార్లో తట్ట దించింది. పక్కన రొయ్యలమ్మే గంగులు కూడా అలాగే చేశాడు. అతని తట్టను జీపులో వేసుకుపోవడం చూసి, ఆమె వెనక్కి తిరక్కుండా ఇంటికి పరుగెత్తింది.

"నారాయణమ్మా! నేను, సీతారామారావుని. తియ్యి."

ఇంటి యజమాని! ఒకటో తారీఖు ఇంకా రాలేదు. ఖాళీ చెయ్యమనడానికే వచ్చి ఉంటాడనుకుంది. గడియ తీసింది.

ఎన్నడూ వాళ్ళ గుమ్మం తొక్కని బట్టల కొట్టు సీతారామారావు నవ్వుతూ లోపలికొచ్చాడు. ఒక చేతిలో మిఠాయి పొట్లం, ఇంకో చేతిలో కాగితాలు. ఆ నవ్వు చూసి ఆమెకు ఇంకా భయమేసింది.

"ఏటి బాబూ, మమ్మల్ని ఎల్లగొడతారా?"

"ఎందుకెల్లగొడతాను? తీపి తిను. నా పదకొండిళ్ళకీ పన్ను పోయింది. పేదోళ్ళ పేరునున్న ఇళ్ళకి పన్నొగ్గేసి, ఇన్నాళ్ళూ మాలాంటోళ్ళ మీదే పడ్డారు."

"అయితే అద్దె తగ్గిస్తారా బాబూ?"

అతను పెద్దగా నవ్వాడు.

"మరి మీ కొట్టుకి అమ్మకం పన్ను లేదేటి?" అంది అనూరాధ.

"ఉన్నాది. నేను కడతానా ఏటి? బట్ట కొన్నోళ్ళు కడతారు." కాగితం చాచి, ఇంకు డబ్బా మూత తీశాడు. "నారాయణమ్మా, ఇక్కడ వేలిముద్ర ఎయ్యి."

"ఏటిది బాబూ?"

"మూడేళ్ళ కిందట ఆధార్ ఇచ్చి ముద్రేశావు కదా, అలాంటిదే. బేగి ఎయ్యి."

"మా అమ్మ ఎయ్యకపోతే?"

సీతారామారావు మొహంలో నవ్వు పోయింది. "రేపు మీ సామాన్లు రోడ్డు మీదుంటాయి."

నారాయణమ్మ గబగబా బొటనవేలు ఇంకులో అద్దింది. అది కాగితం మీద ఆనేలోగా అనూరాధ కాగితం లాగేసుకుంది.

"ఒలే, ఇచ్చీయే! బాబుకి కోపమొస్తాది!" ఏడుపు గొంతుతో అంది తల్లి.

"చదవకు! ఇటియ్యి!" సీతారామారావు కాగితం కోసం చెయ్యి చాచాడు.

అనూరాధ గోడకి ఆనుకుని పైకే చదివింది. "'నారాయణమ్మ అను నేను, నా పేరున రిజిస్టరై ఉన్న ఈ ఇంటిని సీతారామారావు గారికి దానముగా...' అమ్మా, ఆ వేలు తుడిసెయ్యి! పన్ను ఎగ్గొట్టడానికి అప్పుడు నీ పేరున రాయించాడు. ఈ ఇల్లు నీదే!"