కదలని ముల్లు

తూకం యంత్రం ముల్లు తొంభై రెండు దగ్గరే ఆగింది.

టైలరమ్మ దిగి మళ్లీ ఎక్కింది. చెవిదుద్దులు తీసి ఎక్కింది. ఊపిరి బిగబట్టి ఎక్కింది.

తొంభై రెండే.

"ఎనిమిది వారాలుగా ఇదే వరస! నీ ముఖం ఇంక చూడను" అంటూ ఆ యంత్రాన్ని కాలితో మంచం కిందికి తోసేసింది.

బరువు తగ్గడానికి వారానికోసారి పొట్టకు ఇంజెక్షన్ పొడుచుకుంటోంది. ఆకలి చచ్చింది. మొదటి ఐదు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గింది. ఆ తర్వాత ఒళ్లు మొండికేసింది. ఆమె కూడా మొండికేసి, పొద్దున రెండు బిస్కట్లు, రాత్రి గ్లాసుడు పాలతో సరిపెట్టసాగింది.

"ఆకలి లేకపోయినా ఒంటికి పట్టేది తినాలమ్మా. కండకు పని చెప్పాలి" అని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది.

'తింటే పెరగనూ?' అనుకుని ఆ మాట చెవిన పెట్టలేదు.

ఆ సాయంత్రం పని నుంచి వచ్చి, తన వాటాకు ఎక్కలేక మెట్ల మీదే కూలబడింది. కింది వాటాలో కొత్తగా దిగినావిడ తలుపు తీసింది. యాభై అయిదేళ్లుంటాయి. భారీ మనిషి. గడప దాటడానికే ఆయాసపడుతోంది.

"ఏం అమ్మాయ్, కళ్లు తిరుగుతున్నాయా?"

ఎవరో ఒకరు అడగడమే ఆలస్యం, టైలరమ్మ తన గోడంతా వెళ్లబోసుకుంది.

ఆవిడ ఓపిగ్గా విని, "తిండి మానేసి కండ పోగొట్టుకుంటున్నావు. గుడ్లు తిను, బరువులెత్తు. ముల్లు అదే కదులుతుంది" అంది.

టైలరమ్మకు ఒళ్లు మండింది.

"నాకు చెప్పేముందు మీ ఒళ్లు చూసుకోండి!"

ఆవిడ తలుపు మెల్లగా వేసుకుంది.

మూడో రోజు పొద్దున ఆవిడే మళ్లీ పిలిచింది.

"అమ్మాయ్, ఈ ఇసుక సంచి కాస్త డాబా మీద పెడతావా? మొక్కలు పెడదామని. నేను ఆ మెట్లెక్కలేను."

మొన్న తను అన్న మాట గుర్తొచ్చి టైలరమ్మ కాదనలేకపోయింది. మూడంతస్తులు మోసేసరికి ప్రాణం తోకకొచ్చింది. కిందికి రాగానే ఆవిడ ఉడికించిన గుడ్లు రెండు చేతిలో పెట్టింది.

"ఆకలి లేదక్కా."

"పనిచేసినవాళ్లను ఉత్త చేతులతో పంపను. నా ఎదురుగా తిను."

మర్నాడు ఇంకో సంచి. ఆ మర్నాడు ఇంకోటి. డాబా మీద చూస్తే ఒక్క తొట్టీ లేదు, తను మోసిన సంచులూ లేవు.

"సంచులేవక్కా?"

"తమ్ముడు సాయంత్రాలొచ్చి సర్దుతున్నాడు. తొట్లు రావాలి."

వారం వారం సంచి బరువెక్కింది. టైలరమ్మ తిట్టుకుంటూనే మోసింది, గొణుక్కుంటూనే తింది. 'మంచితనానికి పోతే జీతం లేని కూలీనయ్యాను' అని రోజూ పళ్లు నూరుకునేది.

ఆరో వారంలో ఒకనాడు సంచి మూల చిరిగి ఇసుక కారింది. బ్యాగులోంచి సూది తీసి, యూనిఫారాలు కుట్టే నీలం దారంతో నాలుగు కుట్లు వేసి పైన పెట్టి వచ్చింది.

మర్నాడు ఆవిడ గుమ్మం ముందున్న సంచి మూల నాలుగు నీలం కుట్లు!

తన చేతి కుట్టు తనకు తెలియదా?

"నేను పైకి మోసింది కిందికి దింపించి, మళ్లీ నాచేతే మోయిస్తున్నారా? ఇన్నాళ్లూ నాతో ఆడుకున్నారా?"

"అమ్మాయ్, ఒక్కమాట విను..."

"ఇంకోసారి నన్ను పిలిస్తే మర్యాద దక్కదు!"

సంచిని అక్కడే పడేసి విసవిసా వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత కింది వాటాకు తాళం కనిపించింది. 'ఊరెళ్లి ఉంటుంది, పీడా విరగడైంది' అనుకుంది.

ఆ పై వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. కళ్లు గట్టిగా మూసుకుని తూకం ఎక్కింది.

"ఎనభై తొమ్మిది!" అంది డాక్టరమ్మ. "బరువే కాదు, చేతుల్లో పట్టు కూడా పెరిగింది. ఏం చేశావు?"

"ఏమీ చేయలేదండీ. మా కింది వాటా ఆవిడ ఇసుక..."

మాట అక్కడే ఆగిపోయింది.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చింది. కింది వాటా తెరిచే ఉంది. లోపల ఒకాయన సామాను కట్టుకుంటున్నాడు.

"అక్క లేరా?"

"నేనామె తమ్ముణ్ణి. అక్క పోయి నాలుగు రోజులైంది. ఆసుపత్రిలోనే."



"నేను... ఆవిణ్ణి మీ ఒళ్లు చూసుకోండన్నాను."

"చెప్పింది. నవ్వింది కూడా." ఆయన తాడు ముడి వేస్తూ అన్నాడు. "అది కొవ్వు కాదమ్మా. గుండె పాడైపోయి, ఒంట్లో చేరిన నీరు."



"ఇన్ని తెలిసినావిడ... ఏం చేసేవారు?"

"పెద్దాసుపత్రిలో, మంచం పట్టినవాళ్లను లేపి మళ్లీ నడిపించేదమ్మా, పాతికేళ్లు. జబ్బుతో అది మానేశాక మనిషి దిగులుతో ముడుచుకుపోయింది. మళ్లీ చివరి నెలన్నరే పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, 'నా పేషెంటు వచ్చే వేళైంది' అంటూ గుమ్మంలో కూర్చునేది."