డమ్మీ మాట

“అల్లం... అల్లం...” అంటూ ప్రభుదాసు హార్మోనియం మీద మళ్లీ అందుకున్నాడు. కవి వసంతశ్రీ చెవులు మూసుకున్నంత పని చేశాడు.

మొన్న ట్యూను కడుతూ, పాడడానికి నోటికి ఏదో ఒక మాట కావాలి కనుక, పెసరట్టు పక్కనున్న పచ్చడిని చూసి ఆ సంగీత దర్శకుడు పెట్టిన డమ్మీ మాట అది. దాన్ని తీసేసి అసలు మాట పెట్టడం వసంతశ్రీ పని. వెన్నెలన్నాడు, కోయిలన్నాడు, చివరికి కస్తూరి కూడా అన్నాడు. ఒక్కటీ ట్యూనులో కూర్చోలేదు.

“వదిలెయ్యండి కవిగారూ,” అంది నిర్మాత అమ్మాజీ. “మన ఫిలింనగర్ ఆఫీసులో వాచ్‌మన్ కూడా అల్లమే పాడుతున్నాడు. పాట పేరు అదే పెట్టేద్దాం.”

“అయితే క్యాసెట్ మీద ‘రచన’ అన్నచోట కూడా నా పేరే వేయించండమ్మా. ఆ మాట నాదేగా!” అన్నాడు ప్రభుదాసు.

వసంతశ్రీ తింటున్న పెసరట్టు పళ్లెం పక్కన పెట్టేశాడు. అది అతని మొదటి పాట.

చిన్నప్పుడు బళ్లో మేష్టారు హాజరు పిలిచినప్పుడల్లా పిల్లలు “పచ్చడీ!” అని అరిచేవారు. ఆ ఉక్రోషంతోనే ఇంటిపేరును రేపల్లె స్టేషన్లో వదిలేసి, కలంపేరుతో హైదరాబాదు రైలెక్కాడు.

“ఆ మాట మీదెలా అవుతుందండీ?” అన్నాడు లేచి నిలబడి. “మా తాతగారి నుంచీ మేం సంతకం పెడుతున్నదే అది. నా అసలు పేరు అల్లం సుబ్బరామయ్య.”

హార్మోనియం ఆగిపోయింది.

“ఓరి దేవుడా! ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతికారా?” అంది అమ్మాజీ, అతని పళ్లెంలో ఇంకో పెసరట్టు వేస్తూ. “రచన అల్లంవారిదే, ప్రభుదాసు గారూ. ఆ సంగతేదో ముందే చెప్పొద్దూ కవిగారూ!”

“ఇన్నాళ్లూ నేనూ అది పచ్చడే అనుకున్నానండీ,” అన్నాడు వసంతశ్రీ. “పాట అని ఇవాళే తెలిసింది.”