సామాను లేని అతిథి

"సత్రం మూసేశామమ్మా" అంది హత్సుమి, తలుపు జానెడు మాత్రం తెరిచి.

గుమ్మంలో నిలబడ్డ మనిషికి నలభై ఏళ్లుంటాయి. ఆఫీసు బట్టలు, ఎత్తు మడమల చెప్పులు. భుజాన చిన్న సంచీ తప్ప సామాను లేదు. పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది.

"ఒక్క రోజుకి గదివ్వండి పెద్దమ్మా. నేనొక్కదాన్నే."

"స్టేషన్ దగ్గర పెద్ద పెద్ద హోటళ్లున్నాయిగా?"

"ఇక్కడే ఉండాలనుంది."

"నారా ఊరు చూడ్డానికొచ్చావా?"

"అనుకుని రాలేదు. పొద్దున నగోయాలో పనిలో ఉన్నాను. ఉన్నట్టుండి లేచి రైలెక్కేశాను."

హత్సుమి ఆమె కళ్లలోకి చూసింది. ఏడ్చి తుడుచుకున్న కళ్లు. ముప్పై ఏళ్ల కిందట ఒకావిడ ఇలాగే ఉత్త చేతులతో వచ్చింది. మర్నాడు ఆమె శవం కోసం పోలీసులొచ్చారు. అప్పట్నుంచీ ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకు గదుల్లేవని చెప్పి పంపేసేది హత్సుమి అక్క సవాకో.

అక్క ఇప్పుడు లేదు. నలభై తొమ్మిదో రోజు కర్మ కూడా ఆదివారంతో అయిపోయింది.

హత్సుమి తలుపు పూర్తిగా తెరిచింది.

వచ్చినామె పేరు మిసుజు. లోపలికొచ్చి చుట్టూ చూసింది. పరుపులన్నీ మడిచి ఉన్నాయి. వంటింట్లో గిన్నెలు బోర్లించి ఉన్నాయి. బల్ల మీది చేపల తొట్టి ఖాళీగా ఉంది.

"ఎక్కడికైనా వెళ్తున్నారా?"

"ఆ, వెళ్దామనే" అని హత్సుమి మాట మార్చింది. "నా పక్క గది తీసుకో. గోడ పల్చన. పిలిస్తే పలుకుతాను."

పావుగంట గడిచినా పక్క గదిలోంచి చప్పుడు లేదు. హత్సుమికి కాలు నిలవలేదు.

"అమ్మాయ్, మహాబుద్ధుడి గుడికి వెళ్తున్నా. వస్తావా?"

నిజానికి ఆమెకు గుడికి వెళ్లే పనేమీ లేదు. కానీ ఈ పిల్లని ఒంటరిగా వదలకూడదు.

దారిలో ఒక జింక మిసుజు చొక్కా అంచు పట్టుకుని నమలసాగింది. "సిగ్గు లేదుటే, అతిథిని తింటావా!" అని హత్సుమి దాని వీపు మీద ఒక్కటిచ్చింది. మిసుజు నవ్వింది. నవ్వితే బాగుంది పిల్ల.

గుళ్లో అంతెత్తు బుద్ధుడు. జనమంతా తలెత్తి చూస్తుంటే మిసుజు చూపు హత్సుమి మీదే ఉంది.

"బుద్ధుణ్ణి చూడమ్మా. నన్నేం చూస్తావు, ముసలి మొహాన్ని!"

వెనకవైపు స్తంభానికి అడుగున ఒక కంత ఉంది. అందులోంచి పిల్లలు వరసగా దూరుతున్నారు.

"మా అక్క యాభయ్యో ఏట దూరింది, పుణ్యమని. నడుం దగ్గర ఇరుక్కుంది. కాళ్లు పట్టి లాగితే ఒక చెప్పు నా చేతికొచ్చింది, అక్క రాలేదు! టోక్యో నుంచొచ్చిన బడిపిల్లలు ఒకటే ఫోటోలు."

చెబుతూనే హత్సుమి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"మీ అక్కగారి గురించి ఇంకా చెప్పండి" అంది మిసుజు మెల్లగా. అని ఊరుకుంది.

ఆ ఊరుకోవడంలో ఏముందో, కొండ మీది మండపం అరుగు చేరేదాకా హత్సుమి చెబుతూనే ఉంది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఆరు గదుల సత్రం, ముప్పై ఎనిమిదేళ్లు. అక్క వంట, చెల్లెలు పక్కలు.

"ఒక్కదానికి వండుకోవడం చేతకాదు నాకు. కొలత తెలీదు. మిగిలింది చూస్తే ఏడుపొస్తుంది. ఈమధ్య వండటమే మానేశాను."

కింద ఊరి కప్పుల మీద సాయంత్రపు ఎండ ఎర్రబడింది. మిసుజు ఓదార్చలేదు. హత్సుమి చెయ్యి పట్టుకుంది, అంతే.

హత్సుమికి తను వచ్చిన పని గుర్తొచ్చింది.

"చూడు, నా గోల నీకెందుకులే. నీ కష్టమేంటో నేనడగను తల్లీ. కానీ రేపు పొద్దున నేను కాచిన గంజి తాగందే కదలకూడదు. మాటివ్వు."

"మీరూ తాగుతానంటే ఇస్తాను."

"తాగుతాలే."

"వచ్చే నెల మళ్లీ వస్తే గది ఉంటుందా పెద్దమ్మా?"

వచ్చే నెల సంగతి హత్సుమి అనుకోనే లేదు. లేదంటే ఈ పిల్ల ఏమైపోతుందో.

"ఉంటుంది" అంది చివరికి. "పదో తారీకు. రాకపోయావో, నగోయా వచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తా."

"తప్పకుండా వస్తా. మీరు ఉండండి."

ఆ రాత్రి పక్క గదిలో దీపం ఆరలేదు. పల్చటి గోడకు ఇవతల హత్సుమి కూడా చెవులు రిక్కించుకునే పడుకుంది.

తెల్లవారింది. మిసుజు లేచింది, మొహం కడుక్కుంది, వంటింట్లోకి వచ్చి కూర్చుంది. బతికే ఉంది! హత్సుమికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. టీ నీళ్లలో గంజి కాచి రెండు గిన్నెల్లో పోసింది. ఎన్నాళ్లకో ఆమెకు ఆకలేసింది.

తాగడం అయ్యాక ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఇప్పుడు చెప్పు. నిన్న నువ్వొచ్చింది చావడానికే కదూ?"

"కాదు పెద్దమ్మా."

"ముసలిదాన్ని మభ్యపెట్టకు. పనిలోంచి లేచి ఇంతదూరం ఊరికే వస్తారా ఎవరైనా? ఏం పని నీది?"

"ఫోన్ దగ్గర కూర్చుంటాను. ఇక బతకలేం అనుకున్నవాళ్లు చేస్తారు. వినడమే నా పని."

హత్సుమి గిన్నె కింద పెట్టింది. మిసుజు గొంతు తగ్గించింది.

"నిన్న పొద్దున నాకు ఫోన్ చేసి, మీరు సత్రం పేరొక్కటి చెప్పి పెట్టేశారు."